విరగలేదు, వాలిపోయాయి: ఒక మునగ తోట కేస్ స్టడీ

నేపథ్యం

రాయలసీమలో మెట్ట రైతులకు తోటల విషయంలో సలహాలు ఇవ్వడం నా పని. ఈ కేసు రాయమని అడిగింది ఆ రైతే. "నా మాదిరి ఇంకొకరు నష్టపోగూడదు సార్" అన్నాడు. ఊరు, పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. నేను ఆయన్ని అన్నా అని పిలుస్తాను కాబట్టి ఇక్కడా అన్న అనే రాస్తాను.

అన్నకు అనంతపురం వైపు ఐదెకరాల ఎర్రనేల ఉంది. పైన అడుగున్నర మట్టి, దాని కింద గట్టి గరుసు. ఉన్నది ఒక్క బోరు. ఆ ప్రాంతంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు, అది కూడా పంటకు అక్కర ఉన్నప్పుడు పడుతుందన్న నమ్మకం లేదు. వేరుశనగ వరుసగా మూడేళ్ళు దెబ్బతీశాక, రెండెకరాల్లో మునగ పెట్టాడు. రకం పీకేఎం-1. తమిళనాడులోని పెరియకుళం ఉద్యాన కళాశాల నుంచి వచ్చిన రకం ఇది. నాటిన ఏడాదిలోపే కాపుకొస్తుంది, కాయ పొడుగ్గా ఉంటుంది, మార్కెట్లో దీన్ని అడిగి కొంటారు.

మునగ పెట్టాలనుకోవడంలో తప్పేమీ లేదు. మెట్టకు ఇంతగా ఇమిడే చిన్న చెట్టు ఇంకోటి చెప్పమంటే నేను చాలాసేపు ఆలోచించాలి. అయితే మన ఇళ్ళల్లో మునగ అంటే కాయ, ఆకు, పువ్వు. చారులో కాయ వేస్తాం, ఆషాఢంలో ఆకు వండుకుంటాం. దాని వేరు ఎలా ఉంటుందో చూసినవాళ్ళు తక్కువ. ఈ కేసంతా ఆ వేరు గురించే.

మొక్కలు ఒక నర్సరీ నుంచి తెచ్చాడు. చిన్న పాలిథిన్ సంచుల్లో పెంచినవి, మా వైపు ప్యాకెట్ మొక్కలు అంటారు. ఎనిమిదడుగులకు ఒకటి చొప్పున రెండెకరాలకు 1,350 మొక్కలు పట్టాయి. ఆ ఏడు వానలు ఆలస్యం కావడంతో మొక్కలు మూడు నెలలు సంచుల్లోనే ఉండిపోయాయి. నాటేనాటికి నడుమెత్తు పెరిగాయి. మొక్క ఎంత పెద్దదైతే కాపు అంత తొందరగా వస్తుందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు.

ఆగస్టులో నాటిన తోట మార్చికి కాపుకొచ్చింది. మొదటి కాపు బాగానే ఉంది. జూన్‌లో చెట్లను మూడడుగుల ఎత్తున నరికి కొత్త కొమ్మలు రానిచ్చాడు. పీకేఎం-1 తోటల్లో ఇది మామూలుగా చేసే పనే.

సమస్య

అక్టోబరు వానల్లో చెట్లు వాలడం మొదలైంది. తర్వాతి ఏప్రిల్‌లో నాకు ఫోన్ చేసేనాటికి 310 చెట్లు పడిపోయో, ఎండిపోయో ఉన్నాయి. మిగిలినవాటిలో చాలా చెట్ల ఆకు పసుపు పచ్చగా మారింది. పూత వచ్చినట్టే వచ్చి రాలిపోతోంది. మధ్యాహ్నం రెండు గంటలకల్లా రెమ్మలు వాడి వేలాడుతున్నాయి.

అప్పటికే అన్న చేయగలిగిందంతా చేశాడు. మందుల షాపులో వేరుకుళ్ళు అని చెబితే, మొదళ్ళలో శిలీంద్రనాశిని రెండుసార్లు పోశాడు. రెమ్మలు వాడుతున్నాయని డ్రిప్పు రోజుకు గంట నుంచి మూడు గంటలకు పెంచాడు. ఆకు పసుపు తిరిగిందని యూరియా వేశాడు. వాలిన చెట్లకు సర్వి కట్టెలు ఊతం పెట్టి తాళ్ళతో కట్టాడు. ఆ కట్టెల ఖర్చే చాలా అయింది. ఇంట్లో టెన్షన్ ఎంతుందో ఆయన గొంతులోనే తెలిసింది.

"నీళ్ళు చాలకనే గద సార్, ఇట్ల వాడిపోతాండేది?" అని అడిగాడు.

ఆ ప్రశ్న సరైనదే. చెట్టు వాడిందంటే నీళ్ళు అందలేదనే ఎవరైనా అనుకుంటారు. కానీ నేలలో నీళ్ళు లేకపోయినా చెట్టు వాడుతుంది, నీళ్ళున్నా వేరు తాగలేకపోతే కూడా వాడుతుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదలు దగ్గర అడుగు లోతున చెయ్యి పెట్టి మట్టి తీసి పిడికిలి బిగించాను. వేళ్ళ సందుల్లోంచి తడి పైకి ఉబికింది. ఏప్రిల్ నెలలో, ఎర్రనేలలో, మునగ కింద ఉండాల్సిన తడి కాదది. డ్రిప్పర్లన్నీ సరిగ్గా కాండానికి ఆనించి ఉన్నాయి. మొదలు దగ్గర బెరడు గోరుతో నొక్కితే మెత్తగా లోపలికి దిగింది.

నా మొదటి అంచనా

దానితో నేను ఒక నిర్ణయానికి వచ్చేశాను. నీళ్ళు ఎక్కువై మొదలు కుళ్ళుతోంది, వేళ్ళకు గాలి ఆడడం లేదు, అందుకే చెట్లు పడుతున్నాయి అనుకున్నాను. మునగ నిలవ నీటిని అసలు ఓర్చుకోదు. పైగా నత్రజని, నీళ్ళు ఎక్కువైతే ఆకు మీద ఆకు వేస్తుందే గానీ పూత నిలబెట్టుకోదు. కనిపించిన లక్షణాలన్నీ ఆ లెక్కకు సరిపోయాయి.

కాబట్టి యూరియా ఆపించాను. డ్రిప్పర్లను కాండం నుంచి అడుగున్నర దూరం జరిపించాం. రోజూ ఇచ్చే నీళ్ళను నాలుగు రోజులకు ఒకసారికి తగ్గించాం. మాగిన పశువుల ఎరువులో, కుళ్ళు తెచ్చే శిలీంద్రాలను అణిచే ట్రైకోడెర్మా అనే మేలు శిలీంద్రాన్ని కలిపి పాదుల్లో వేశాం. ఊతం కట్టెలు మాత్రం ఉండనిచ్చాం.

ఐదు వారాల్లో ఆకు రంగు తిరిగింది. మధ్యాహ్నం వాడడం తగ్గింది. కొత్త చిగురు కూడా వచ్చింది. అన్న ఫోటోలు పంపితే నేనూ ఊపిరి పీల్చుకున్నాను. మే మూడో వారంలో ఒక సాయంత్రం ఈదురుగాలి కొట్టింది. మర్నాడు పొద్దున్నే ఫోన్. ఇంకో 40 చెట్లు పడిపోయాయి. అందులో ఎక్కువ భాగం రంగు తిరిగి, చిగురు వేసినవే.

ఈ కేసులో ముఖ్యమైన మలుపు ఇదే. నా అంచనా పూర్తిగా తప్పయి ఉంటే ఆకు రంగు మారేది కాదు. పూర్తిగా నిజమైతే కోలుకున్న చెట్టు గాలికి పడకూడదు. అంటే నీళ్ళ సమస్య ఉన్నమాట నిజమే, దాని వెనక ఇంకోటి కూడా ఉంది.

పొలానికి వెళ్ళి పడ్డ చెట్ల మధ్య నడుస్తున్నప్పుడు, నేను అన్ని రోజులు చూస్తూ కూడా పట్టించుకోని సంగతి తట్టింది. మునగ కొమ్మ ఎంత పెళుసో ఊరందరికీ తెలుసు. పొగిడి పడేయడాన్ని మునగచెట్టు ఎక్కించడం అంటాం కదా, ఎక్కినవాడి బరువుకు కొమ్మ పుటుక్కుమంటుంది గనకనే ఆ మాట. గాలికి మునగ విరగాలి. ఈ తోటలో మాత్రం విరిగిన కొమ్మ ఒక్కటీ లేదు. చెట్లన్నీ నిండు కొమ్మలతో, నాటిన గుంజను ఎవరో పక్కకు వంచినట్టు మొదలంటా ఒరిగి ఉన్నాయి. కాండం గాలికి తట్టుకుంది, భూమిలో ఉన్నది తట్టుకోలేదు.

తవ్వి చూసిన రోజు

నాలుగు చెట్లు తవ్వుదామన్నాను. పడిపోయింది ఒకటి, నిలబడి పసుపు తిరిగింది ఒకటి, పచ్చగా ఉన్నది ఒకటి. నాలుగోది పొలం గట్టు మీద ఎవరూ నాటకుండా తనంతట తాను మొలిచిన చెట్టు. దానికి దాదాపు తోట వయసే ఉంటుంది. ఎవరూ దానికి ఒక చెంబెడు నీళ్ళు కూడా పోయలేదు. మే గాలిలో దాని కొమ్మ ఒకటి విరిగింది, అంతే.

పడిపోయిన చెట్టు మొదట తీశాం. పైమట్టి తీసేసరికి ఐదంగుళాల లోతున తల్లివేరు కనిపించింది. అక్కడి నుంచి కిందకు దిగాల్సింది పక్కకు తిరిగి, సంచి అడుగు ఎంత వెడల్పుందో అంత మేర చుట్టూ ఒకటిన్నర చుట్టు తిరిగింది. తర్వాత లావెక్కడంతో ఒక చుట్టు ఇంకో చుట్టును ఒత్తేసింది. ఒత్తుకున్న చోట బెరడు నలిగి నల్లబడి కుళ్ళింది. ఆ చుట్ట కింద తల్లివేరు అన్నదే లేదు. పక్క వేళ్ళు సన్నగా, పై అడుగు మట్టిలోనే, అదీ డ్రిప్పర్ ఉన్న వైపుకే పాకి ఉన్నాయి. చుట్టకు అంటుకుని నల్ల పాలిథిన్ పీలిక ఒకటి ఉంది. నాటేటప్పుడు కూలీలు సంచిని చీల్చి అలాగే పెట్టేశారు.

పసుపు తిరిగిన చెట్టుదీ అదే వరస. పచ్చగా ఉన్నదాని తల్లివేరు వంకర తిరిగింది కానీ చుట్ట పడలేదు. ఒక పాయ గరుసు సందు దొరకబుచ్చుకుని కిందకు దిగింది.

తర్వాత గట్టు మీది చెట్టు. దానికి హాని జరగకుండా ఒక పక్కనుంచి మాత్రమే తవ్వాం. మొదలు దగ్గర ముంజేతి లావున, పెద్ద ముల్లంగిలా బుగ్గగా ఉన్న తల్లివేరు నిటారుగా దిగింది. గునపంతో నాలుగడుగులు వెళ్ళాం, గరుసును చీల్చుకుని ఇంకా కిందకు పోతోంది. కొడవలి మొనతో చిన్న గాటు పెట్టాను. గోధుమ రంగు తోలు కింద తెల్లటి కండ, చెమ్మగా మెరుస్తోంది. ఒక్క క్షణంలో ఆవాలు నూరుతున్నప్పుడు వచ్చే ఘాటు ముక్కుకు తగిలింది. అన్న గుంతలో మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూశాడు. "ఇది చెట్టు కాదు సార్, గడ్డ" అన్నాడు.

అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరు. విత్తనం నుంచి పుట్టిన మునగ మొదటి వారాల్లోనే తల్లివేరును గడ్డలా ఉబ్బించుకుంటుంది. నీళ్ళు, పిండి పదార్థం అందులో దాచుకుంటుంది. పైన ఆకులన్నీ రాలిపోయినా, మొదలంటా నరికినా మళ్ళీ చిగురు వేసేది ఆ నిల్వ మీదనే. ఇది ఈ వంశమంతటి అలవాటు. ప్రపంచంలో మునగ జాతులు 13 ఉన్నాయి. మడగాస్కర్‌లోని కొన్ని కాండాన్నే సీసాలా ఉబ్బించుకుని నీళ్ళు దాచుకుంటాయి. తూర్పు ఆఫ్రికాలో కొన్ని భూమిలోనే గడ్డ పెంచుకుని చిన్న పొదలా బతుకుతాయి. మన పెరటి మునగ బయటికి మామూలు చెట్టులా కనిపిస్తుంది గానీ, దాని బలం కూడా భూమిలో ఉన్న ఆ గడ్డలోనే ఉంది.

ఆ గడ్డను మూడు నెలలు చిన్న సంచిలో పెట్టారు. వేరు మొన మూడు నాలుగు వారాల్లో అడుగుకు తగులుతుంది. దారి లేక చుట్టు తిరుగుతుంది. నేలలో పెట్టాక చుట్ట విప్పుకోదు, అలాగే లావెక్కుతుంది. మొదటి ఏడు ఈ లోపం ఎందుకు బయటపడలేదు? రోజూ డ్రిప్పు ఇస్తున్నంతకాలం లోతుకు వెళ్ళే అవసరం చెట్టుకు రాలేదు. రెండో ఏడు నరికాక పైన కొమ్మలు గుబురుగా వచ్చి, బరువు పెరిగింది. కింద మాత్రం అదే చుట్ట. వాన పడి మట్టి మెత్తబడగానే ఒరిగిపోయింది. మొక్క పెద్దదని సంబరపడ్డ ఆ నడుమెత్తే తోటను దెబ్బతీసింది.

ఏం చేయాలి, ఏది ఉంచాలి

మిగిలినవి 1,000 చెట్లు. అన్నీ పీకేసి మళ్ళీ మొదలుపెట్టడం ఒక దారి. అప్పు మీద వడ్డీ నడుస్తున్న ఇంట్లో ఒక ఏడు కాపు పోగొట్టుకోమని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. అన్నీ ఉంచేస్తే ప్రతి గాలికీ కొన్ని పోతూనే ఉంటాయి. ఏది నిలుస్తుందో తెలుసుకోవాలి, అయితే వెయ్యి చెట్లను తవ్వి చూడలేం.

అప్పుడు ఒక మోటు పరీక్ష పెట్టుకున్నాం. వాన పడి నేల తడిసిన మర్నాడు, ఒకరు చెట్టును ఛాతీ ఎత్తున పట్టుకుని రెండు వైపులకు ఊపాలి, ఇంకొకరు మొదలు దగ్గర మట్టిని చూడాలి. మట్టిలో బీట తెరుచుకుంటే వదులు చెట్టు, కాండం మాత్రమే వంగి మట్టి కదలకపోతే గట్టి చెట్టు. అన్న, ఆయన కొడుకు రెండు రోజులు చేశారు. 430 వదులు, 570 గట్టి. వదులు చెట్లకు ఎర్ర గుడ్డ పీలిక కట్టారు.

గట్టి చెట్లను మామూలుగా పెంచాలనుకున్నాం. వదులు చెట్లను రెండున్నర అడుగుల ఎత్తుకు నరికి బరువు తగ్గించి, నిలిచినంతకాలం కాయ తీసుకోవాలి. ఖాళీ అయిన 350 చోట్ల, వదులు చెట్ల పక్కన 430 చోట్ల, మొత్తం 780 గుంతల్లో నేరుగా విత్తనం పెట్టాలి. పాత గుంతలో కాదు, రెండడుగులు పక్కకు. పాత గుంతలో కుళ్ళు తెచ్చే శిలీంద్రం ఉండొచ్చని ఒక భయం, అన్న పోసిన మందు మిగిలి ఉండొచ్చని ఇంకో భయం.

విత్తనం పెట్టడంలోనూ ఒక దెబ్బ తిన్నాం, అది నా పొరపాటు. అన్న దగ్గర పాత పీకేఎం-1 విత్తనం డబ్బాలో ఉంది. రేకుల షెడ్డులో, రెండు ఎండాకాలాల వేడికి. జూన్‌లో తొలివానకు, మొదట ఖాళీ అయిన 350 చోట్ల తీసిన కొత్త గుంతల్లో రెండేసి చొప్పున 700 గింజలు పెట్టేశారు. మొలిచింది 110. మునగ గింజకు నిద్రావస్థ ఉండదు, కొత్తదైతే వారం పది రోజుల్లో మొలుస్తుంది. కానీ నిల్వలో, అందులోనూ వేడిలో, మొలక శక్తి తొందరగా పడిపోతుంది. 20 గింజలు తడి గోనెపట్టాలో చుట్టి చూసి ఉంటే ముందే తెలిసేది. ఆ మాట చెప్పాల్సింది నేను. మూడు వారాల తడి చేజారింది.

గట్టు మీది చెట్టు కాయల నుంచి గింజ తీద్దామని అన్న అడిగాడు. వద్దన్నాను. మునగలో తేనెటీగల వల్ల పరాగం చెట్టు నుంచి చెట్టుకు కలుస్తుంది కాబట్టి, ఆ గింజ నుంచి ఎలాంటి కాయ వస్తుందో చెప్పలేం. వేరు బలం ఆ చెట్టు గొప్పతనం కాదు, అది మొలిచిన తీరుది. కొత్త విత్తనం అర కిలో తెప్పించాం, గోనెపట్టాలో 20కి 17 మొలిచాయి. అప్పుడే పొలంలో పెట్టాం.

గుంత అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. దాని అడుగున గరుసులోకి గునపంతో ఇంకో అడుగు పొడిచి వదులు చేయించాను. కూలీలు దీనికి విసుక్కున్నారు, అన్న కూడా మొదట ఇది అదనపు ఖర్చే అన్నాడు. గట్టు చెట్టు గుంతను ఒకసారి గుర్తుచేశాను, ఇంకేమీ అనలేదు. గింజ అంగుళం లోతున పెట్టి, డ్రిప్పర్ అడుగు దూరంలో ఉంచాం. మొలిచాక మూడు వారాల వరకు వారానికి రెండు తడులు, తర్వాత వాన లేకపోతేనే వారానికొకటి. తడి కోసం వేరు కిందకు వెతుక్కుంటూ వెళ్ళాలని ఉద్దేశం. మేకలు రాకుండా చుట్టూ ముళ్ళకంప వేశారు. లేత మునగ కనబడితే మేక వదలదు.

వేరు తినొచ్చా?

నలభయ్యో రోజు ఒక్కో గుంతలో బలమైన మొక్కను ఉంచి, రెండోది తీసేశాం. పీకొద్దు, తవ్వి తీయండి, వేరు చూడాలి అన్నాను. మొక్క మోకాలెత్తు ఉంది, వేరు బొటనవేలి లావున, 14 అంగుళాల పొడవున నిటారుగా ఉంది. ఒక్కటి కూడా చుట్ట తిరగలేదు. అది చూసి నాకు కలిగిన నిశ్చింత ఇక్కడ రాయడం చేతకాదు.

కొట్టంలో కుప్పగా పోసిన ఆ మొక్కల దగ్గర అన్న వాళ్ళమ్మ కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. గోటితో ఒక వేరు తోలు ఒలిచి, తెల్లటి ముక్క కొరికి, కళ్ళు నలుపుకుంటూ "ఆవాలు నమిలినట్టుండాది నాయనా" అంది. కాసేపటికి తోలంతా చెక్కి, కండను తురిమి, ఉప్పేసి గట్టి పెరుగులో కలిపి తెచ్చింది. వేలి కొసతో రుచి చూశాను. నాలుక మీద ఒక్క క్షణం ఏమీ లేదు, తర్వాత ఘాటు ముక్కులోంచి నేరుగా నడినెత్తికి ఎక్కింది. మునగ, ఆవాలు ఒకే వర్గానికి చెందిన మొక్కలు. రెండింట్లోనూ ఉన్న ఒక రకం గంధక పదార్థం కణం నలిగినప్పుడు విడిపోయి ఆ ఘాటు పుడుతుంది. అందుకే ముట్టకుండా ఉన్న వేరుకు వాసన ఉండదు, తురిమితే వస్తుంది. మన దేశంలో ఉన్నప్పుడు ఇంగ్లీషువాళ్ళు తమ హార్స్‌రాడిష్ దుంప బదులు ఈ వేరే తురుముకుని మాంసంతో తిన్నారు. ఇంగ్లీషులో మునగకు హార్స్‌రాడిష్ చెట్టు అన్న పేరు అలా వచ్చిందే.

రుచి చూశాక గుర్తొచ్చింది, ఈ తోటలో రెండుసార్లు మందు పోశారని. పాత గుంతలకు రెండడుగుల దూరమే కావచ్చు, అయినా ఆ వేళ్ళు ఎవరూ తినొద్దని అక్కడే చెప్పి, గిన్నె పక్కన పెట్టించాను. ముందే చెప్పాల్సిన మాట.

ఇంతలో అన్న కోడలు, ఐదో నెల కడుపుతో ఉన్న పిల్ల, "మందు పొయ్యని చోటిది అయితే నేను తినొచ్చునా సార్?" అని అడిగింది. అస్సలు వద్దమ్మా అన్నాను. కారణం కూడా చెప్పాను. మునగ వేరు, వేరు బెరడు గర్భస్రావానికి వాడిన చరిత్ర సంప్రదాయ వైద్యంలో ఉంది. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో వేరు కషాయం గర్భం నిలవనివ్వలేదు. ఆకు, కాయ కూరగా తినడం వేరు, వేరు తినడం వేరు. ఒకే చెట్టు కదా అని రెండింటినీ ఒక గాటన కట్టకూడదు. ఆ పిల్ల వెంటనే సరే అంది, అవ్వే కాస్త నొచ్చుకుంది.

అన్న బావమరిది ఇంకో ఆలోచన చెప్పాడు. ఇంత ఘాటు వేరును తురిమి సీసాల్లో కట్టి హోటళ్ళకు అమ్మొచ్చు కదా, 700 మొక్కలు ఊరికే పారేస్తున్నాం అని. నష్టంలో ఉన్న ఇంటికి ఆ ఆశ కలగడం సహజం. నేను వద్దనడానికి కారణాలు ఇవి. వేరు తోలులో విషగుణం ఉన్న ఆల్కలాయిడ్లు ఉంటాయి. తినడానికి కాస్తో కూస్తో పనికొచ్చేది లేత వేరు లోపలి కండ, అదీ తోలు పూర్తిగా తీశాక, కొద్దిగా. ఇంట్లో అవ్వ చెక్కినంత శుభ్రంగా ఏడు వందల వేళ్ళను కూలీలు చెక్కుతారన్న భరోసా లేదు. ఎంత తోలు మిగిలిందో కొన్నవాడికి తెలిసే దారి లేదు. తినేవాళ్ళలో గర్భిణి ఉండొచ్చు. అన్నిటికీ మించి ఇవి మందు పడ్డ పొలంలోవి. అన్న ఒక్క మాటతో తేల్చేశాడు, "మన ఇంట్లో పెట్టనిది బయట అమ్మేది లేదు." మొక్కల ఆకులు కూడా మేకలకు వేయకుండా ఎరువు గుంతలో పడేశారు.

ఫలితం

మొదటి మే గాలికి కొత్త చెట్లు పడలేదని అన్న సంతోషంగా ఫోన్ చేశాడు. నేను అప్పుడే రాయలేదు. ప్యాకెట్ మొక్కలు కూడా మొదటి ఏడు నిలబడ్డవే కదా. ఒక కాపు కాసి, నరికాక గుబురుగా పెరిగి, అక్టోబరు వానల్లో తడిసిన నేలలో నిలబడితేనే పోలిక సరైనది. ఆ అక్టోబరు దాటాకే ఇది రాస్తున్నాను.

780 గుంతల్లో 752 చెట్లు ఉన్నాయి. వాటిలో 19 చెట్లకు కొమ్మలు విరిగాయి, అది మునగ విరగాల్సిన తీరే. మొదలంటా ఒరిగినవి మూడు. అదే కాలంలో ఊపి చూసి గట్టివన్న 570లో పోయినవి 31. వదులు అన్న 430లో 262 పోయాయి. చేత్తో ఊపి చూడడం ఎంత మోటుగా అనిపించినా, ఆ పరీక్షను ఇప్పుడు ఏ మునగ తోటకు వెళ్ళినా మొదటి రోజే చేస్తున్నాను. మొదటి రోజే గునపం కూడా అడుగుతున్నాను. అన్న తోటలో తవ్వడానికి ఏడు వారాలు ఆలస్యం చేశాను, నలభై చెట్లు పడేదాకా.

ప్యాకెట్ మొక్క తప్ప దారి లేదనే రైతులకు చెబుతున్నది కూడా మార్చుకున్నాను. నెల రోజులు దాటిన మొక్క కొనొద్దు. సంచి లోతుగా ఉండాలి. కొనేముందు ఒక సంచి చీల్చి చూపించమని అడగండి, వేరు అడుగున వంపు తిరిగి ఉంటే ఆ లాట్ మొత్తం వదిలేయండి. కాండం ముక్క నాటితే తొందరగా చెట్టవుతుంది గానీ, విత్తనపు మొక్కకు ఉండే తల్లివేరు దానికి రాదు. పెరట్లో ఒక చెట్టుకు చాలేమో, గాలి కొట్టే మెట్ట పొలానికి చాలదు.

ఒరిగిన ఆ మూడు కొత్త చెట్లను కూడా తవ్వాం. మూడూ పొలం పల్లపు మూలలోవే. తల్లివేరు నిటారుగానే దిగింది, కానీ రెండడుగుల కింద మొన నల్లగా కుళ్ళిపోయింది. అక్టోబరులో ఆ మూల ఐదారు రోజులు నీళ్ళు నిలిచాయట. ఇప్పుడు అక్కడ కాలువ తీశారు. విత్తనం ఇంకా పెట్టలేదు. ఒక వానాకాలం నీళ్ళు ఎటు పోతాయో చూసి పెడదామని అన్నే అన్నాడు.